కొడుకు డాక్టరే అయినా ఎండోస్కోపీ తప్పదు

ప్రశ్న: నాకు 58 ఏళ్లు. ఎనిమిది నెలలుగా కడుపులో మంట. మా అబ్బాయి డాక్టర్, దూరంగా ఉంటాడు. వాడు ఫోన్లో చెప్పినట్టే మంటకు పాంటోప్రజోల్, మోకాళ్ల నొప్పికి డైక్లోఫెనాక్ వాడుతున్నాను. ఈమధ్య ఐదు కిలోలు తగ్గాను, విరేచనం నల్లగా అవుతోంది. డాక్టర్లు సొంతవాళ్లకు వైద్యం చేయకూడదంటారు, నిజమేనా? వేరేవాళ్లకు చూపించుకుంటే వాడు చిన్నబుచ్చుకుంటాడేమో.

జవాబు: మీ అబ్బాయి సంగతి తర్వాత, ముందు ఆ నల్లటి విరేచనం. ఐరన్ మాత్రలు వేసుకున్నా నల్లగా వస్తుంది, మీరు ఆ విషయం రాయలేదు. అది కాకుండా తారులా జిగటగా, దుర్వాసనతో వస్తుంటే మాత్రం జీర్ణాశయంలో రక్తం పోతోందేమోనని అనుమానించాలి, డైక్లోఫెనాక్‌తో పుండు పడి ఉండొచ్చు. ఆ మాత్ర ఇక వేసుకోకండి, ఈరోజే ఆస్పత్రికి వెళ్లండి. కళ్లు తిరిగినా, రక్తం వాంతి అయినా నేరుగా ఎమర్జెన్సీకే. 55 దాటాక కడుపులో మంటతోపాటు బరువు కూడా తగ్గుతుంటే ఎండోస్కోపీ, అంటే నోట్లోంచి సన్నటి కెమెరా గొట్టం పంపి కడుపు లోపల చూసే పరీక్ష, వాయిదా వేయకూడదు. క్యాన్సర్ అని నేను అనడం లేదు, మిమ్మల్ని చూడకుండా అనకూడదు కూడా. కానీ పాంటోప్రజోల్ మంటను అణిచేస్తుంది, లోపల పెద్ద జబ్బే ఉన్నా కొన్నాళ్లు బయటపడనివ్వదు. ఎనిమిది నెలలు చాలా ఎక్కువండీ!

ఇక మీరడిగింది. భార్యకో బిడ్డకో జబ్బు చేస్తే ఆ ఆందోళనలో డాక్టరు సరిగా ఆలోచించలేడని అమెరికన్ మెడికల్ అసోసియేషన్ 1847లోనే తన నియమావళిలో రాసుకుంది. అత్యవసరమైతేనో, వేరే డాక్టరు దొరకకపోతేనో, చిన్న సమస్యకు కొద్దిరోజులో తప్ప ఇంట్లోవాళ్లకు వైద్యం చేయొద్దనే ఇప్పటికీ అంటారు. తెలివి చాలక కాదు. అమ్మ ఫోన్ చేస్తే 'గ్యాసే అయ్యుంటుంది' అనుకోవాలనిపిస్తుంది, అదే ఓపీలో కొత్త పేషెంట్ చెబితే బల్ల మీద పడుకోబెట్టి పొట్ట నొక్కి చూస్తాడు, బరువు చూస్తాడు, విరేచనం ఏ రంగులో ఉందని అడుగుతాడు. అసలు ఆ రంగు సంగతి మీరు అతనికి చెప్పారా? ముక్కూమొహం తెలియని నాకు రాయగలిగారు, కొడుక్కి చెప్పడానికి మొహమాటపడి ఉంటారు. మా నాన్నగారి దగ్గుకు నేనూ మూడు వారాలు ఫోన్లోనే మందులు చెప్పాను, ఎక్స్‌రే తీయించమని తోటి డాక్టరు గట్టిగా అంటేగానీ న్యుమోనియా అని తేలలేదు. అందుకే అతను ఏమనుకుంటాడోనని ఆగకండి. ఈ ఉత్తరం అతనికే చూపించండి, కుదిరితే పక్కన కూర్చోవడానికి రమ్మనండి. వెళ్లేటప్పుడు మందుల స్ట్రిప్పులన్నీ తీసుకెళ్లండి, ఆస్పిరిన్‌గానీ రక్తం పలచబరిచే మందులుగానీ వాడుతుంటే అక్కడి డాక్టరుకు ముందే చెప్పండి, వాటిని మీ అంతట మీరు ఆపొద్దు.