రామప్ప దాకా వెళ్లి చెరువు చూడకుండా వచ్చేశారా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు రామప్ప గుడి ఉన్న పాలంపేట గురించే. ములుగు జిల్లాలో ఉన్న ఆ చిన్న ఊరంటే నాకు ప్రాణం, అందుకే మిగతా ప్రశ్నలు చాలావరకు వచ్చే సంచికకి వాయిదా వేశాను.

ప్రశ్న: అక్కా, సెలవుల్లో పిల్లలతో రామప్ప గుడికి వెళ్లొచ్చాం. అక్కడ విన్నవాటిలో ఏది నిజం, ఏది కట్టుకథ అని మా పెద్దాడు అప్పటినుంచీ ఒకటే ప్రశ్నలు. ఇటుకలు నిజంగా నీళ్లలో తేలతాయా? గుడికి శిల్పి పేరు పెట్టారన్నది నిజమేనా? – ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: తేలతాయమ్మా, అది కథ కాదు. గర్భగుడి మీద లేచిన విమానాన్ని కట్టిన ఇటుక లోపలంతా సన్నటి బొరియలు, వాటినిండా గాలి, అందుకే అది నీటికంటే తేలిక. అసలు అంత తేలిక ఇటుక ఎందుకు చేశారో కూడా మీవాడికి చెప్పండి. ఆ గుడి పునాది ఇసుక. గుంత తవ్వి, ఇసుక నింపి, గట్టిచేసి దానిమీద రాతి గుడి నిలబెట్టారు. భూమి కదిలితే ఆ అదురును ఇసుక తనలోకి తీసుకుంటుందని దాని లెక్క. అలాంటి పునాది మీద శిఖరం కూడా రాయితోనే కడితే బరువెంత పెరుగుతుందో ఆలోచించమనండి, ఇటుక సంగతి వాడికే అర్థమవుతుంది.

ఇక పేరు. ఆవరణలోనే ఉన్న 1213 నాటి శాసనం ప్రకారం ఈ గుడి కట్టించింది కాకతీయ గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు, దేవుడు రుద్రేశ్వరుడు. రామప్ప అనే శిల్పి పేరు మాత్రం జనం నోట తరతరాలుగా నడిచొచ్చింది, శాసనంలో లేదు. 2021 జులైలో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకి ఎక్కినప్పుడు రెండు పేర్లూ కలిపే రాశారు. శాసనం కట్టించినవాడి పేరు చెబితే జనం చెక్కినవాడి పేరు అంటున్నారు, నాకైతే జనం మాట మీద మమకారం ఎక్కువ. కానీ మీవాడికి చెప్పేటప్పుడు ఇది శాసనం, ఇది జనం మాట అని విడదీసి చెప్పండి, పిల్లలకి ఆ తేడా తెలియాలి.

ప్రశ్న: చుట్టూ చూస్తే పొలాలు, గుట్టలు, కాస్త దూరం పోతే అడవి. రాజధాని ఓరుగల్లు ఎక్కడో ఉంది. ఇంత గొప్ప గుడిని తీసుకొచ్చి ఈ మారుమూల పల్లెలో ఎందుకు కట్టారు? – ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: గుడి చూసి వెంటనే బస్సెక్కేసినట్టున్నారు. అందరూ అంతే, గంటలో ఫొటోలు, దర్శనం, టీ, తిరుగు ప్రయాణం. చెరువు కట్ట ఎక్కి ఉంటే ఈ ప్రశ్న పుట్టేదే కాదు.

రామప్ప చెరువు గుడికి దగ్గరలోనే ఉంది. గుట్టల మధ్య సందు చూసుకుని అక్కడ కట్ట వేశారు. కట్ట చిన్నది, నిలిచే నీరు మాత్రం సముద్రమంత, ఎందుకంటే మిగతా గోడల పని గుట్టలే చేస్తున్నాయి. కాకతీయుల కాలంలో పద్ధతే అది. కొత్తగా ఊరు నిలబెట్టాలంటే ముందు నీళ్లు కావాలి, నీళ్లుంటే పంట, పంట ఉంటే గుడిలో దీపానికి, నైవేద్యానికి లోటుండదు. పాకాల, లక్నవరం, గణపురం చెరువులు కూడా ఈ చుట్టుపక్కల ఆ కాలంలో వచ్చినవే. కాబట్టి గుడిని మారుమూలకి తెచ్చారని అనుకోకండి, అడవిలో కొత్త మాగాణి పుట్టించి, దాని ఒడ్డున గుడి కట్టుకున్నారు.

నేను మొదటిసారి వెళ్లినప్పుడు ఒక పెద్దాయన కట్ట మీద నాకు తూము చూపించాడు. ‘ఇది ఎంత ఎత్తితే ఎన్ని మళ్లు తడుస్తయో మా నాయినకు కండ్లు మూసుకున్నా తెలుసు బిడ్డా’ అన్నాడు. తెలంగాణ పల్లెల్లో తూము ఎత్తి దించి, కాలువ వెంట నడిచి, ఎవరి మడికి ఎంత నీరు అనేది చూసే మనిషిని నీరటి అంటారు. వానాకాలంలో చెరువు నిండి మత్తడి దుంకితే, అంటే అలుగు పారితే, ఊరంతా చూడ్డానికి పోతుంది, కట్ట మీద మైసమ్మకు మొక్కుతుంది. బతుకమ్మ నాడు పూలు కలిసేదీ చెరువు నీళ్లలోనే. గుడికి బోర్డులు, టికెట్లు, కాపలా అన్నీ ఉన్నాయి కదా, తూముల సంగతి, నీరటి వరుసల సంగతి తెలిసిన ముసలివాళ్ల మాటల్ని మాత్రం రాసుకునేవాళ్లు తక్కువ. నాకు అదే బెంగ. ఆ ఊళ్లో, అలాంటి ఏ ఊళ్లోనైనా మీకు చుట్టాలుంటే, ఈసారి వెళ్లినప్పుడు ఫోన్‌లో రికార్డు పెట్టి ఓ గంట కూర్చోబెట్టి అడగండి.

ప్రశ్న: మేడం, మాదీ గుడి ఊరే. గుడి పక్కనే మా పాత ఇల్లు, వర్షాలకి వెనక గోడ ఒరిగింది. రక్షిత కట్టడం పక్కన ఇటుక మీద ఇటుక పెట్టకూడదని అంటున్నారు. అమ్మానాన్నలకి రోజూ టెన్షనే. ఏం చేయాలి? – ఒక పాఠకుడు, అనంతపురం జిల్లా

జవాబు: తమ్ముడూ, ముందు గుడి దగ్గర నీలం బోర్డు చదువు, అది కేంద్ర పురావస్తు శాఖ జాబితాలో ఉందో లేదో తేలుతుంది. ఉంటే 2010లో సవరించిన చట్టం వర్తిస్తుంది: కట్టడం చుట్టూ 100 మీటర్లు నిషేధిత ప్రాంతం, ఆపైన ఇంకో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. 100 మీటర్ల లోపల కొత్త నిర్మాణం కుదరదు. కానీ 1992 జూన్ 16కి ముందునుంచీ ఉన్న ఇంటికి మరమ్మతు చేసుకోవడానికి అనుమతి అడగొచ్చు. దరఖాస్తు మీ ప్రాంతపు కాంపిటెంట్ అథారిటీకి పెట్టాలి, అక్కడినుంచి అది జాతీయ కట్టడాల ప్రాధికార సంస్థకి వెళ్తుంది. ఇల్లు పాతదని చూపించడానికి పంచాయతీ ఇంటి పన్ను రసీదులు, కరెంటు బిల్లులు ఏవున్నా వెతికి పెట్టుకో, ఒరిగిన గోడ ఫొటోలు తీసి ఉంచు. డ్రైనేజీ పనుల్ని, జనానికి మంచినీరు, కరెంటు ఇచ్చే పనుల్ని చట్టం నిర్మాణం కింద లెక్కించదు. అనుమతి రాకముందు మాత్రం మేస్త్రీని పిలవకు, తర్వాత తిప్పలు పడాల్సి వస్తుంది. ఈలోపు అమ్మానాన్నల్ని ఆ గోడ వైపు గదిలో పడుకోనివ్వకు.

గుడిని ఇన్నాళ్లూ కనిపెట్టుకుని ఉన్నది మీలాంటి ఇళ్లవాళ్లే. వాళ్లకి ఈ దారి తెలుగులో ఒక కాగితం మీద రాసి, పంచాయతీ గోడకి అంటించినా చాలు, సగం భయం పోతుంది. ఎందుకు చేయరో నాకు కోపంగా ఉంటుంది.

ప్రశ్న: రామప్పలో తప్పక చూడాల్సింది ఒక్కటి చెప్పండి. – డిగ్రీ విద్యార్థిని, కరీంనగర్

జవాబు: బయట చూరు కింద ఏటవాలుగా నిలబడ్డ మదనికలు, అంటే అందగత్తెల శిల్పాలు. గుడి బయట ఎక్కువగా ఎర్రటి ఇసుకరాయి, వీళ్లు మాత్రం నల్లరాయి, అద్దంలా నునుపు. ఒకామె కాలికి ఎత్తు మడమల చెప్పులున్నాయి, వెతుకు. తర్వాత లోపల రంగమండపంలో తలెత్తి దూలాల మీద నాట్యగత్తెల్ని చూడు. గణపతిదేవుడి గజసాహిణి (ఏనుగుల దళానికి అధిపతి) జాయప సేనాని రాసిన నాట్య గ్రంథం నృత్త రత్నావళిని, ఈ రాతి భంగిమల్ని పక్కపక్కన పెట్టుకునే నాట్యాచార్యులు నటరాజ రామకృష్ణ గారు కాకతీయుల నాటి పేరిణి నాట్యాన్ని మళ్లీ లేపి నిలబెట్టారు. నాట్యం నేర్చుకుంటున్నానని రాశావు కాబట్టి, కాసేపు అక్కడే కూర్చుని ఆ పాదాల్ని ఒక్కొక్కటిగా చూడు తల్లీ.