రాజశ్రీ కోడిపిల్లల్లో తెల్ల విరేచనాలు: బతికినవాటిని గుడ్లకు ఉంచుకోవద్దు

ప్రశ్న: 300 రాజశ్రీ (పెరట్లో పెంచే కోడి రకం) పిల్లలు తెచ్చి పది రోజులైంది. ఐదో రోజు నుంచి చనిపోతున్నాయి, ఇప్పటికి 62 పోయాయి. రెక్కలు వాల్చి బ్రూడర్ (వెచ్చదనానికి పెట్టే దీపం) కింద గుంపుగా కునుకుతున్నాయి, తెల్లగా పారుతున్నాయి. మందుల షాపులో కొక్కెర తెగులు అన్నారు. ఆరో రోజు ఆ తెగులుకు వేసే లసోటా టీకా వేశాను, వాళ్లిచ్చిన పొడి మందు నీళ్లలో కలుపుతున్నాను. లసోటా మళ్లీ వేయాలా? మిగిలినవి పెద్దయ్యాక వాటి గుడ్లు చిన్న ఇంక్యుబేటర్‌లో పొదిగించి పిల్లలు అమ్ముదామనుకుంటున్నాను. ఫోటోలు పంపుతున్నాను. – ఒక రైతు, జగిత్యాల జిల్లా

జవాబు: లసోటా ఇప్పుడు మళ్లీ వేయకండి. ఇది కొక్కెర తెగులు కాదు. ఆ తెగులులో ఆకుపచ్చటి విరేచనం, నోరు తెరిచి గురక, మెడ తిరగడం కనిపిస్తాయి. మీ ఫోటోల్లో అవేమీ లేవు. రెండో ఫోటోలో పిల్ల ముడ్డి దగ్గర నూగుకు రెట్ట సున్నం ముద్దలా ఎండిపోయి ద్వారమే మూసుకుపోయింది. మీరు కోసి చూపిన పిల్లలో పచ్చసొన సంచి ఇంకా అలాగే ఉంది. అది మొదటి వారంలోనే కరిగిపోవాలి. ఆ ఒక్కటే అయితే బొడ్డువాపు అనో, చలి తగిలిందనో అనుకునేవాణ్ణి. కానీ గుండె మీద, ఊపిరితిత్తుల్లో నూకగింజల్లాంటి తెల్లటి బుడిపెలు కూడా ఉన్నాయి. నా అనుమానం పుల్లోరం వ్యాధి.

ఇది ఒక రకం సాల్మొనెల్లా బాక్టీరియా వల్ల వస్తుంది. తల్లికోడి అండాశయం నుంచి గుడ్డులోకి దిగి, ఇంక్యుబేటర్‌లో పక్క పిల్లలకు అంటుకుంటుంది. రోగం మీ షెడ్డులో పుట్టలేదు, పిల్లలతోనే వచ్చింది. దీనికి మన దగ్గర వేసే టీకా ఏదీ లేదు.

అప్పుడే చనిపోయిన రెండింటిని కవర్లో కట్టి ఐస్‌లో పెట్టి, నీరసంగా ఉన్న మూడింటిని విడిగా అట్టపెట్టెలో పెట్టి జిల్లా పశువ్యాధి నిర్ధారణ ప్రయోగశాలకు తీసుకెళ్లండి. క్రిమిని పెంచి గుర్తించే కల్చర్‌తో పాటు ఏ మందు పనిచేస్తుందో తేల్చే సెన్సిటివిటీ పరీక్ష కూడా చేయమని అడగండి.

పొడి మందు వెంటనే ఆపండి. ప్యాకెట్ మీద కొలిస్టిన్ అని స్పష్టంగా ఉంది. మనుషుల్లో ఏ మందుకూ లొంగని ఇన్‌ఫెక్షన్లకు చివరగా వాడే మందు అది. కోళ్లకు, పశువులకు, చేపలకు దాన్ని అమ్మకూడదని కేంద్రం 2019 జులైలోనే నిషేధించింది. చనిపోయిన పిల్లను కోసి చూడకుండా రోగం పేరు చెప్పి, నిషేధించిన మందు చేతిలో పెట్టడం ఏం సలహా? ఐదారు రోజుల్లో 62 పిల్లలు పోయాయి. మొదటి రోజే పశువైద్యుడి దగ్గరికి వెళ్లాల్సింది.

ఎన్రోఫ్లోక్సాసిన్ పనిచేస్తుందని పరీక్షలో తేలి, వైద్యులు రాసిస్తే, మోతాదు కిలో బరువుకు రోజుకు 10 మి.గ్రా., 5 రోజులు. ముందు పది పిల్లలను తూచి సగటు తీయండి. ఒక్కోటి 80 గ్రాములుంటే 238 పిల్లలు 19 కిలోలు. అంటే 10 శాతం ద్రావణం అన్నిటికీ కలిపి రోజుకు 1.9 మి.లీ. చాలు. మూతతో కొలవకండి, సిరంజితో కొలవండి. బ్రూడర్ కింద ఈ వారం 32 డిగ్రీల సెల్సియస్ ఉండాలి. చచ్చినవాటిని కుక్కలకు వేయకుండా లోతు గుంటలో సున్నం చల్లి పూడ్చండి.

ఇక మీ అసలు ఆలోచన. ఈ పిల్లలను గుడ్లకు ఉంచుకోవద్దు. మందు చావులను తగ్గిస్తుంది కానీ రోగాన్ని ఒంట్లోంచి తీసేయదు. బతికిన పెట్ట పైకి నిక్షేపంగా ఉండి, గుడ్లు పెట్టినంత కాలం ఆ గుడ్లలో క్రిమిని పంపుతుంది. మీ ఇంక్యుబేటర్ నుంచి పిల్లలు కొన్న పది ఇళ్లలోనూ ఇదే జరుగుతుంది. మొత్తం బ్యాచ్‌ను మాంసానికే పెంచండి. మందు ఆపాక వైద్యులు చెప్పిన గడువు దాటాకే అమ్మండి.

పిల్లలను ఉత్పత్తి చేసేవాళ్లు తల్లి కోళ్లకు 16 వారాలు దాటాక రక్త పరీక్ష చేయించాలి. ఇది నేను ప్రతి శిక్షణలోనూ చెబుతాను. పెద్ద పనేం కాదు. తెల్లటి పలక మీద ఒక చుక్క రంగు ఆంటిజెన్ (ఈ రోగాన్ని పట్టే పరీక్ష ద్రవం), రెక్క నరం నుంచి తీసిన ఒక చుక్క రక్తం వేసి కలిపి పలకను అటూ ఇటూ ఊపితే, రోగమున్న కోడి రక్తం 2 నిమిషాల్లో విరిగిన పాలలా పలుకులు కడుతుంది. ఆ కోడిని తీసేయాలి. వరుసగా రెండుసార్లు ఒక్కటీ దొరకనంత వరకు 3–4 వారాలకోసారి మళ్లీ చేయాలి. అమెరికాలో 1935లో ప్రధానంగా ఈ రోగం కోసమే జాతీయ పథకం పెట్టారు. ఇలా పరీక్షించి తీసేస్తూనే వాణిజ్య ఫారాల నుంచి దాన్ని వెళ్లగొట్టారు.

తర్వాతి బ్యాచ్ కొనేటప్పుడు ఆ పరీక్ష కాగితం చూపమనండి. చూపకపోతే అక్కడ కొనకండి. ఈలోగా ఊక మొత్తం తీసి కాల్చి, షెడ్డు కడిగి సున్నం వేసి, కనీసం 15 రోజులు ఖాళీగా ఉంచండి.

పెరట్లో ఇదివరకే నాటు కోళ్లున్నాయో లేదో మీరు రాయలేదు. ఉంటే ఈ పిల్లలను వాటితో కలపకండి. వాటి గుడ్లు పొదగేసే ముందు వాటికీ రక్త పరీక్ష చేయించండి.