సొంత లారీ వేసుకునే అల్లుడికి: ముందు షెడ్డు చూసి రా, తర్వాతే షోరూమ్

అల్లుడూ,

నిన్న అక్క ఫోన్ చేసింది, ఇంకొకళ్ళ బండి మీద డ్రైవింగ్ చేసింది చాలు ఇక సొంత బండి వేసుకుంటానన్నావంట, చాలా సంతోషం రా. పది టైర్ల బండి తీసుకుని జగ్గయ్యపేట సైడు సిమెంట్ లోడు వైజాగ్ రూట్లో తోలుకుంటానన్నావంట కదా, ఆ లెక్క బానే ఉంది. టాటానా లేలాండా ఐషరా భారత్‌బెంజా అని నీ ఫ్రెండ్సుతో రోజూ వాదులాట అని కూడా చెప్పింది. అది నీ ఇష్టం, నడిపేవాడివి నువ్వు, నీ చేతికి ఏది అలవాటో నీకే తెలుసు. నేను ఈ ఉత్తరం రాసేది కంపెనీ గురించి కాదు, డీలర్ గురించి. ఒకే కంపెనీ బండి, అదే మోడలు, ఇద్దరు డీలర్ల దగ్గర కొన్నవాళ్ళని చూశాను, ఒకడేమో రెండో బండి వేసుకున్నాడు ఇంకొకడు ఫైనాన్స్ వాళ్ళకి బండి అప్పజెప్పాడు, ఇద్దరూ కష్టపడేవాళ్ళే.

షోరూమ్ కి మాత్రం ముందే వెళ్ళమాక. వెళ్తే ఏసీలో కూర్చోబెట్టి కూల్ డ్రింక్ ఇచ్చి, కొత్త బండి క్యాబిన్ ఎక్కించి ఫోటో తీసి స్టేటస్ పెట్టిస్తారు, ఇక నీ మనసు అక్కడే ఉండిపోతుంది. ముందు ఆ డీలర్ వర్క్‌షాప్ కి వెళ్ళు. పొద్దున పది గంటలకి ఒకసారి, ఇంకో రోజు సాయంత్రం చీకటి పడ్డాక ఒకసారి. ఎవరితో ఏం మాట్లాడకుండా గేటు దగ్గర టీ కొట్టులో ఒక గంట కూర్చో. షెడ్డు బయట ఎన్ని బళ్ళు నిలబడి ఉన్నాయో చూడు, అసలు సంగతి అక్కడ ఉంటుంది, టైర్ల కింద గడ్డి మొలిచి దుమ్ము పట్టిన బండి ఉంటే దాని డ్రైవర్ ఎక్కడో చెట్టు కింద దుప్పటి వేసుకుని పడుకుని ఉంటాడు, అతని దగ్గరికెళ్ళి ఎన్ని రోజులైంది అన్నా, ఏ పార్టు రాలేదు, వారంటీలో చేస్తున్నారా డబ్బులడిగారా అని అడుగు. డ్రైవర్లు డ్రైవర్లకి అబద్ధం చెప్పరు, నువ్వూ ఆ సీట్లో కూర్చున్నవాడివే కదా.

అడిగేటప్పుడు కూడా డీలర్ మంచోడేనా అని అడక్కు, ఆ ప్రశ్నకి ఎవడైనా బానే ఉంటాడు అనే అంటాడు. పోయినసారి బండి ఎక్కడ ఆగింది, ఫోన్ చేస్తే ఎంతసేపటికి మెకానిక్ వచ్చాడు, ఎన్ని రోజులు నిలబడింది, చివరికి బిల్లు ఎవరు కట్టారు, ఈ నాలుగూ అడుగు. జగ్గయ్యపేట ఫ్యాక్టరీల దగ్గర లోడింగ్ క్యూలో నువ్వు ఎలాగూ గంటలు గంటలు ఉంటావు, అక్కడే ఒక పది మందిని అడిగితే డీలర్ల జాతకాలన్నీ బయటపడతాయి. ఒకళ్ళ మాట పట్టుకోకు, ఒక్కోసారి డ్రైవర్ తప్పుకి కూడా డీలర్ని తిడతారు, అదే కంప్లయింటు నలుగురి నోట వస్తే మాత్రం నమ్ము.

ఇంత గట్టిగా షెడ్డు షెడ్డు అని ఎందుకంటున్నానంటే, పాత బళ్ళ రోజులు వేరు. అప్పుడు బండి ఎక్కడ ఆగినా ఆ ఊరి మెకానిక్ పానాలతో విప్పి ఏదో ఒకటి చేసి పంపించేవాడు. 2020 ఏప్రిల్ నించి బీఎస్6 అనే పొగ రూలు వచ్చాక ఆ కథ మారిపోయింది. సైలెన్సర్ లైన్లో యాడ్‌బ్లూ (పొగని శుభ్రం చేసే యూరియా ద్రవం) సిస్టం, సెన్సార్లు, వైరింగ్, ఒక సెన్సార్ పోయినా యాడ్‌బ్లూ నాసిరకంది పోసినా మీటర్లో లైటు వెలుగుతుంది, పట్టించుకోకపోతే ఇంజన్ పవర్ దానంతటదే తగ్గిపోతుంది, ఫుల్ లోడుతో ఉన్న బండి ఘాట్ ఎక్కలేక పాక్కుంటూ పోతుంది. అప్పుడు ల్యాప్‌టాప్ పెట్టి చూసేవాడు కావాలి, ఆ సాఫ్ట్‌వేర్ ఎక్కువగా కంపెనీ డీలర్ దగ్గరే ఉంటుంది. మన ఆటోనగర్ మెకానిక్‌లు చేతిపనిలో ఎవరికీ తీసిపోరు, ఆ మాట నేను ఎక్కడైనా అంటాను, కానీ వారంటీ ఉన్నన్నాళ్ళూ ఇంజన్ పనికి నువ్వు డీలర్ గుమ్మం తొక్కాల్సిందే, బయట చేయిస్తే అదే సాకుతో క్లెయిం ఆపేస్తారు. అందుకే వర్క్‌షాప్ లోపలికి పోయి ల్యాప్‌టాప్ మెకానిక్‌లు ఎంతమంది, రాత్రి డ్యూటీ ఉందా, పార్టుల కౌంటర్లో నీ మోడల్ క్లచ్ ప్లేటు, ఫిల్టర్లు, సెన్సార్లు స్టాకు ఉన్నాయా లేక ఆర్డర్ పెట్టాలా అని అడుగు. సెన్సార్ హైదరాబాద్ నించో చెన్నై నించో రావాలి అన్నారంటే బండి నిలబడ్డ ప్రతిసారీ నువ్వు కూడా నిలబడతావు. నీ రూటు మొత్తం మీద కూడా చూసుకో, విజయవాడ దాటాక ఏలూరు, రాజమండ్రి, తుని, అనకాపల్లి, ఈ లైన్లో ఆ కంపెనీ సర్వీస్ పాయింట్లు ఎక్కడెక్కడ ఉన్నాయో కాగితం మీద రాసుకో.

బండి నిలబడితే ఎంత పోతుందో లెక్క చెప్తా విను. 30 లక్షలు లోన్, నాలుగేళ్ళు, 7 శాతం ఫ్లాట్ వడ్డీ (మొదట తీసుకున్న మొత్తం మీదే చివరిదాకా వడ్డీ) అనుకో. వడ్డీ 8 లక్షల 40 వేలు, మొత్తం 38 లక్షల 40 వేలు, 48 నెలలకి నెలకి సరిగ్గా 80 వేలు ఈఎంఐ. అంటే బండి కదిలినా కదలకపోయినా రోజుకి 2,600 పైన ఖర్చు, ఇందులో డ్రైవర్ బత్తా, పోయిన కిరాయి, ఇన్సూరెన్సు ఏవీ కలపలేదు. పది రోజులు షెడ్డులో ఉందంటే డీలర్ నీకు రేటులో తగ్గించిన ఇరవై ముప్పై వేలు అక్కడే పోయినట్టు. కాబట్టి పక్క డీలర్ పాతిక వేలు తక్కువ చెప్పాడని పరిగెత్తకు రా అల్లుడూ.

ఆ ఫ్లాట్ వడ్డీ సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తా. 7 శాతం ఫ్లాట్ అంటే వినడానికి తక్కువగా ఉంటుంది కానీ తగ్గే బాకీ మీద లెక్కేస్తే అది 12.7 శాతం దాకా తేలుతుంది. ఇంకో బ్యాంకు వాడు 10 శాతం రెడ్యూసింగ్ (తగ్గే బాకీ మీద వడ్డీ) అంటే అమ్మో ఎక్కువ అనుకుంటావు, తీరా చూస్తే అదే 30 లక్షలకి ఈఎంఐ 76 వేల చిల్లర, నాలుగేళ్ళలో నీకు లక్షా 87 వేలకి పైగా మిగులుతుంది. ఇది తెలిసి కూడా రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చూడన్నా ఇదే తక్కువ అని ఫ్లాట్ వైపు నెట్టే సేల్స్‌వాడు ఉంటే ఆ షోరూమ్ లో మిగతా మాటలు కూడా అలాగే ఉంటాయి, లేచి వచ్చేయ్. డీలర్ చెప్పిన ఫైనాన్స్ కంపెనీలోనే తీసుకోవాలని రూల్ ఏం లేదు, వాళ్ళకి అందులో కమీషన్ ఉంటుంది. 2024 అక్టోబర్ 1 నించి రిజర్వ్ బ్యాంక్ రూల్ ప్రకారం లోన్ ఇచ్చేవాడు కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ అని ఒక కాగితం ఇవ్వాలి, ఏడాదికి అసలు ఎంత శాతం పడుతుంది, ప్రాసెసింగ్ ఫీజు ఎంత, ముందే కట్టేస్తే ఎంత చార్జీ అన్నీ అందులో ఉంటాయి. అది చేతికి రాకుండా సంతకం పెట్టకు, ఖాళీ కాగితాల మీద అసలే వద్దు.

ఇక కొటేషన్. ఆన్‌రోడ్ ఇంత అని ఒకే అంకె చెప్పేవాడిని నమ్మకు. బండి ధర, జీఎస్టీ, ఇన్సూరెన్సు, రిజిస్ట్రేషన్, టాక్సు, ఫాస్టాగ్, బాడీ, యాక్సెసరీస్, అన్నీ విడివిడిగా లెటర్‌హెడ్ మీద రాసి ఇమ్మను. 2025 సెప్టెంబర్ 22 నించి లారీల మీద జీఎస్టీ 28 నించి 18 కి వచ్చింది, కొటేషన్లో ఆ లైను చూడు, తగ్గింది మొత్తం నీకు వచ్చిందా లేక ఇంకో లైనులో పెంచారా అని. హ్యాండ్లింగ్ చార్జీలు, ఫైల్ చార్జీలు, ఆఫీసు ఖర్చులు అని ఉంటే దేనికని అడుగు, నిజాయితీ గల డీలర్ అయితే వివరంగా చెప్తాడు లేదా తీసేస్తాడు, మిగతావాళ్ళు అందరి దగ్గరా తీసుకుంటున్నాం అన్నా అంటారు. గవర్నమెంటుకి కట్టే ప్రతి రూపాయికీ ఆన్‌లైన్ రసీదు ఉంటుంది, అది నీ చేతికి రావాలి. ఇన్సూరెన్సు కూడా బయట రెండు చోట్ల కొటేషన్ తీసుకుని చూపించు, బయట తీసుకుంటే బండి డెలివరీ లేటవుతుంది అని బెదిరించేవాడు మనకి వద్దు. ఎక్కడ తీసుకున్నా పాలసీలో ఐఎంటీ 23 అనే అదనపు కవరు ఉందో లేదో చూసుకో, అది లేకపోతే లైట్లు, మడ్‌గార్డులు, బానెట్ లాంటివి దెబ్బతింటే క్లెయిం రాదు, మన హైవేల మీద ముందు పగిలేవి అవే.

డబ్బులు కట్టేది డీలర్ కంపెనీ పేరున ఉన్న ఖాతాలోకే, బ్యాంకు ద్వారానే. బుకింగ్ కి ఐదు వేలే కదా అన్నా నా ఫోన్‌పేకి కొట్టు అంటే వద్దు. మా వీధి చివర ఒకతను అలా బుకింగ్, డౌన్ పేమెంట్ లో కొంత కలిపి సేల్స్‌వాడి చేతిలో పెట్టాడు, ఆ కుర్రాడు ఉద్యోగం మానేసి వెళ్ళిపోయాడు, డీలర్ మాకు ముట్టలేదు అన్నాడు, చేతిలో రసీదు లేదు. కొన్ని చోట్ల బోర్డు మీద పెద్దగా కంపెనీ పేరు ఉంటుంది కానీ వాడు అసలు డీలర్ కాదు, కింద బ్రోకర్. కంపెనీ వెబ్‌సైట్లో డీలర్ల లిస్టులో ఆ పేరు, ఆ అడ్రస్ ఉన్నాయా చూడు, ఆర్టీఓ డీలర్‌కి ఇచ్చే ట్రేడ్ సర్టిఫికెట్ చూపించమను, బిల్లు మీద ఉండే జీఎస్టీ నంబర్ జీఎస్టీ పోర్టల్లో కొడితే ఎవరి పేరు వస్తుందో చూడు. పది నిమిషాల పని.

బండి తయారైన నెల తప్పకుండా చూడు. ఏడాది చివర్లో, మార్చి నెలాఖరులో యార్డులో మిగిలిపోయిన పాత స్టాకుని స్పెషల్ ఆఫర్ అని అంటగడతారు. ఆఫర్ తీసుకోవడం తప్పు కాదు, పాతదని చెప్పి తగ్గిస్తే అది మంచి బేరమే, చెప్పకుండా ఇస్తేనే మోసం. రేపు నువ్వు అమ్మేటప్పుడు తయారైన సంవత్సరం బట్టే రేటు కడతారు. ఛాసిస్ నంబర్ ప్లేటు, ఫారం 21 సేల్ సర్టిఫికెట్ రెండూ ఒకటే చెప్పాలి. ఇంకో సంగతి, 2025 అక్టోబర్ 1 నించి తయారైన పెద్ద లారీలకి క్యాబిన్లో ఏసీ తప్పనిసరి చేశారు, ఏసీ లేని కొత్త బండి చూపిస్తే అది అంతకుముందు తయారైందేమో అడుగు. మే నెలలో మన ఎండలో బండి తోలేవాడివి నువ్వు, ఏసీ సోకు అని ఎవడన్నా అంటే పట్టించుకోకు.

బాడీ డీలరే కట్టించి ఇస్తానంటే కాస్త ఎక్కువ జాగ్రత్త. ఆటోనగర్లోనా తమిళనాడు నామక్కల్‌లోనా, ఎవరి షెడ్డులో, ఎంత మందం రేకు, ఎన్ని రోజులు, లేటయితే ఈఎంఐ ఎవరు భరిస్తారు, వెల్డింగ్ ఊడితే ఎవరు చేస్తారు, అంతా రాతలో ఉండాలి. డెలివరీకి ముందు ఖాళీ బండిని కాటా పెట్టించు. పది టైర్ల బండికి బండీ లోడూ కలిపి మొత్తం బరువు 28.5 టన్నులే రూలు, బాడీ అనుకున్నదానికంటే అర టన్ను బరువొస్తే ఆ అర టన్ను సిమెంటు నువ్వు బండి ఉన్నన్నాళ్ళూ ప్రతి ట్రిప్పులో వదులుకోవాలి, లేదంటే ఓవర్‌లోడ్ చలానా కట్టాలి. కాటాకి ఒప్పుకోని డీలర్ ఉన్నాడంటే బరువు వాడికి ముందే తెలుసన్నమాట. అప్పుడే టైర్ల మీద తయారైన వారం సంవత్సరం నాలుగంకెలు, బ్యాటరీ తేదీ, స్టెప్నీ, జాకీ, పానాలు, రిఫ్లెక్టర్ టేపు అన్నీ పగటి వెలుతురులో చూసుకో, ముహూర్తం దాటిపోతుందని తొందర పెడతారు, ముహూర్తానికి రెండు గంటల ముందే వెళ్ళు.

మీ బావ సెకండ్ హ్యాండ్ చూడమంటున్నాడంట. తప్పేం లేదు, కానీ 2023 ఏప్రిల్ నించి పాత బళ్ళు అమ్మే డీలర్‌కి ఆర్టీఓ దగ్గర ఫారం 29బీ ఆథరైజేషన్ ఉండాలి, అది చూపించగలవాడి దగ్గరే చూడు. ఆర్‌సీలో ఫైనాన్స్ ఎంట్రీ, పెండింగ్ చలానాలు గవర్నమెంటు పరివాహన్ వెబ్‌సైట్లో చూసుకోకుండా ఒక్క రూపాయి కూడా అడ్వాన్సు ఇవ్వకు.

ఎంత చూసుకున్నా రేపు గొడవ రావచ్చు. అందుకే వారంటీ పుస్తకం, సర్వీసుకి ఇచ్చినప్పుడు షెడ్డులో రాసే జాబ్ కార్డులు, వాట్సాప్ మెసేజీలు అన్నీ ఒక ఫైల్లో దాచు, సర్వీసుకి ఇచ్చిన ప్రతిసారీ నువ్వు చెప్పిన కంప్లయింటు జాబ్ కార్డులో నీ మాటల్లోనే రాయించు. లారీ కమర్షియల్ కదా కన్స్యూమర్ కమిషన్‌కి పోలేవు అని కొందరు డీలర్లు భయపెడతారు. సొంతంగా బతుకుతెరువు కోసం కొనుక్కుని నడుపుకునేవాడికి ఆ తలుపు మూసెయ్యలేదు, 2019 చట్టంలో అది స్పష్టంగా ఉంది. పది బళ్ళ ఓనర్ సంగతి వేరు, నీ సంగతి వేరు.

ముందు ఈ వారం రెండు షెడ్లు చూసి రా, క్యూలో మనవాళ్ళని అడుగు. ఆ తర్వాత ఇద్దరి దగ్గర కొటేషన్లు తీసుకుని నాకు ఫోటోలు పెట్టు, లైను లైను చూసి చెప్తా. రేటు మాట్లాడేటప్పుడు నేను కూడా వస్తా, శనివారం తప్ప ఎప్పుడైనా పర్లేదు. అక్కని బీపీ మాత్రలు మానొద్దని చెప్పు.

మీ మావయ్య