ఎదురు మేడపై సెల్ టవర్, పిల్లవాడికి తలనొప్పి: ఇల్లు మారాలా?

ఎదురు మేడపై టవర్ వచ్చాక ఇంటర్ చదివే మీ అబ్బాయికి తలనొప్పి, నిద్రలేమి మొదలయ్యాయని, ఇల్లు మారడం మంచిదా అని అడిగారు. కూకట్‌పల్లిలో మా అపార్ట్‌మెంట్ పక్క భవనం మీద కూడా టవర్ ఉంది. ఇద్దరు పిల్లల తండ్రిగా, జూనియర్ కళాశాలలో భౌతికశాస్త్రం బోధించేవాడిగా నా సమాధానం: టవర్ ఒక్కటే కారణమైతే మారనవసరం లేదు.

సెల్‌ఫోన్, వైఫై వాడేవి రేడియో తరంగాలు. ఎక్స్‌రే కిరణాల్లా కణాల్లోని రసాయన బంధాలను తెంచే శక్తి వీటికి లేదు. తీవ్రత బాగా ఎక్కువైతే శరీర కణజాలాన్ని వేడెక్కించడమే వీటి వల్ల రూఢిగా తెలిసిన ప్రభావం. ఆ తీవ్రత కూడా దూరం పెరిగేకొద్దీ వేగంగా పడిపోతుంది. మన దేశం 2012లో టవర్ల తరంగాల తీవ్రతకు ఉన్న పరిమితిని అంతర్జాతీయ మార్గదర్శకాల్లో పదో వంతుకు కుదించింది. 900 మెగాహెర్ట్జ్ దగ్గర అది చదరపు మీటరుకు 0.45 వాట్లు. మా సంఘంలో కొందరు పట్టుబట్టడంతో టెలికాం శాఖ వారి తరంగ్ సంచార్ పోర్టల్ ద్వారా రుసుము కట్టి కొలిపించాం. మేడపై కూడా ఆ పరిమితికి ఎంతో తక్కువే వచ్చింది. మీకూ అనుమానం తీరకపోతే అదే దారి.

నిజానికి మన శరీరానికి ఎక్కువగా సోకేది చెవికి ఆనించుకున్న ఫోన్ నుంచి వచ్చే తరంగాలే. సిగ్నల్ బలహీనంగా ఉన్నచోట, అంటే సెల్లార్‌లోనో లిఫ్ట్‌లోనో, టవర్‌ను అందుకోవడానికి ఫోన్ తన శక్తిని పెంచుకుంటుంది. కాబట్టి గొడవ చేసి టవర్‌ను దూరంగా తరిమితే పిల్లలకు మేలు జరుగుతుందన్న వాదనను నేను ఒప్పుకోలేను. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2011లో ఈ తరంగాలను క్యాన్సర్ కారకాలు కావచ్చునన్న 2బి వర్గంలో చేర్చిన మాట వాస్తవమే. అయితే భారత్ సహా 14 దేశాల్లో 10 నుంచి 24 ఏళ్ల వారిపై జరిగిన మొబి-కిడ్స్ అధ్యయనంలో ఫోన్ వాడకం వల్ల మెదడు కణితుల ముప్పు పెరిగినట్టు కనబడలేదు. అయినా ఎక్కువసేపు మాట్లాడేటప్పుడు ఇయర్‌ఫోన్లు పెట్టుకొమ్మని మా పిల్లలకు చెబుతాను. దానికి ఖర్చూ లేదు, కష్టమూ లేదు.

ఇక తలనొప్పి. మా పెద్దమ్మాయికి పదో తరగతిలో ఇలాగే వస్తే ఇంట్లో అందరూ టవర్‌నే తప్పుపట్టారు. కళ్ల పరీక్ష చేయిస్తే దూరపు చూపు మందగించిందని తేలింది, అద్దాలు పెట్టాక చాలావరకు తగ్గింది. నిద్ర మాత్రం అంత సులువుగా దారికి రాలేదు. అర్ధరాత్రి దాకా మంచం మీద ఫోన్ చూసే అలవాటు మానడానికి, పెద్దవాళ్లతో సహా అందరి ఫోన్లూ రాత్రి పదింటికి హాల్లోనే ఛార్జింగ్‌కు పెట్టాలన్న నియమం అవసరమైంది. అలకలూ వాదనలూ తప్పలేదు.

మీ అబ్బాయికి ముందు కళ్ల పరీక్ష చేయించండి, ఎన్నింటికి పడుకుంటున్నాడో గమనించండి. తలనొప్పితో రాత్రి మెలకువ వస్తున్నా, పొద్దున్నే వాంతులు అవుతున్నా, చూపు మసకబారుతున్నా మాత్రం ఆలస్యం చేయకుండా వెంటనే వైద్యుడికి చూపించండి.