పురి విప్పేది తోకా, రెక్కా?

సందేహం: సుమత్రా, బోర్నియో వానలడవుల్లో ఉండే ‘గ్రేట్ ఆర్గస్’ పక్షి మీద ఒక వ్యాసం చదివాను. అందులో దాన్ని ‘అడవికోడి’ అన్నారు. ‘మగపక్షి పురి విప్పుతుంది’ అనీ రాశారు. ఈ రెండు మాటలూ సరైనవేనా?

సమాధానం: అడవికోడి వేరు. అది మన పెంపుడు కోడికి మూలం. ఇది కోడి కుటుంబానిదే అయినా అడవికోడి కాదు. మహా బిడియస్థురాలు, కూత వినబడుతుందే తప్ప మనిషి కంటబడటం అరుదు. అందుకే కాబోలు, అక్కడివాళ్లు ఆ కూతనే పేరు చేసి ‘కువావ్’ అన్నారు. కేక వేసే నెమలి మనకు ‘కేకి’ అయినట్టే.

శాస్త్రానికి మాత్రం కూతకంటే దాని ఈకల మీది కళ్లలాంటి మచ్చలే కనబడ్డాయి. 1766లో జీవులకు శాస్త్రనామాలు పెట్టే లిన్నేయస్ పెట్టిన ‘ఆర్గస్’ గ్రీకు కథలో ఒళ్లంతా కళ్లున్న కాపలాదారు. అతను చచ్చాక హీరా దేవత ఆ కళ్లను నెమలికి పొదిగిందట. ఇది వినగానే ఉత్తరకాండ గుర్తురావద్దూ? మరుత్తుడి యజ్ఞం మీదికి రావణుడు వచ్చిపడితే యముడు కాకిగా, కుబేరుడు ఊసరవెల్లిగా, వరుణుడు హంసగా, ఇంద్రుడు నెమలిగా మారి బతికిపోయారు. గండం గడిచాక ఇంద్రుడు తన వేయి కళ్లూ నెమలికి వరమిచ్చాడు. అంతకుముందు దాని ఈకలు వట్టి నీలమేనట! నన్నడిగితే ఈ పక్షిని ‘వేయికన్నుల కోడి’ అంటాను.

చిక్కల్లా ‘పురి’తోనే. తాడుకు ఎక్కించే పురి వేరు, ఊరికి చెప్పే పురి సంస్కృతం. నెమలి పురి తోక వైపుది. ఈ పక్షికి కళ్లున్నది రెక్కల ఈకల మీద. ఒక్కో కన్నూ గుంటలో కూర్చోబెట్టిన గోళీలా నీడ తేలి ఉంటుంది. మగది తన తల వాటి వెనక దాగేలా రెండు రెక్కల్నీ ముందుకు తెచ్చి పెద్ద విసనకర్రలా నిలబెడుతుంది. దాన్ని ‘రెక్కలు విప్పింది’ అంటే తప్పుండదు, పసా ఉండదు. ‘పురి’ అన్న వ్యాసకర్తను నేనేమీ కోప్పడను. పడగ విప్పాల్సిన పగలూ కక్షలూ కూడా పురి విప్పుతున్నాయని రాసే రోజుల్లో, ఆయన కనీసం ఒక పక్షికి వాడారు. పద్యంలోనైతే నాకూ అభ్యంతరం లేదు. వ్యాసంలో మాత్రం కాస్త తటపటాయిస్తాను.