కిసిమీలో ఎయిర్‌బీఎన్‌బీ ఇల్లు: హెచ్‌1బీ వాళ్లు కొనొచ్చా?

ప్రశ్న: మేం డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటాం. నాది హెచ్‌1బీ వర్క్ వీసా. నా భార్యకు హెచ్‌4 ఈఏడీ (హెచ్‌1బీ వాళ్ల భార్య లేదా భర్తకు ఇచ్చే పని అనుమతి) ఉంది, ప్రస్తుతం ఉద్యోగం చెయ్యడం లేదు. ఫ్లోరిడాలో డిస్నీ దగ్గర, కిసిమీలో నాలుగు బెడ్రూముల ఇల్లు 4.5 లక్షల డాలర్లకు వస్తోంది. అక్కడే కొన్న స్నేహితుడు ఎయిర్‌బీఎన్‌బీ యాప్‌లో రోజుల లెక్కన అద్దెకిస్తే ఏడాదికి 48 వేలు వస్తాయంటున్నాడు. మేనేజ్‌మెంట్ కంపెనీ 20 శాతం తీసుకుని అన్నీ చూసుకుంటుంది. నెలకు మార్ట్‌గేజ్ 2,400, హెచ్‌ఓఏకు (ఇంటి యజమానుల సంఘానికి) 400. జీతం మీద ట్యాక్స్ కూడా బాగా తగ్గుతుందని మా ట్యాక్స్ ఫైల్ చేసే ఆయన చెప్పాడు. కొనమంటారా?

జవాబు: మీరిచ్చిన అంకెలే కలిపి చూద్దాం. 48 వేలలో మేనేజ్‌మెంట్‌కు 9,600, మార్ట్‌గేజ్‌కు 28,800, హెచ్‌ఓఏకు 4,800 పోతే మిగిలేది 4,800. ప్రాపర్టీ ట్యాక్స్, ఇన్సూరెన్స్, కరెంటు, స్విమ్మింగ్ పూల్ ఖర్చు ఇంకా కట్టనే లేదు. మీరు అక్కడ కాపురం ఉండరు కాబట్టి, సొంత కాపురం ఉండేవాళ్లకు ప్రాపర్టీ ట్యాక్స్‌లో ఇచ్చే హోమ్‌స్టెడ్ మినహాయింపు రాదు. ఇప్పటి యజమాని ట్యాక్స్ బిల్లు చూసి ధైర్యపడకండి, ఇల్లు చేతులు మారాక కౌంటీ మార్కెట్ విలువ మళ్లీ లెక్కకడుతుంది. అంటే ప్రతి ఏడాదీ ఎదురు డబ్బు పెట్టాలి. ఈ కొనుగోలు గిట్టుబాటు కావాలంటే ట్యాక్స్ లాభమే దిక్కు. మీ విషయంలో చిక్కంతా అక్కడే ఉంది.

మీ ట్యాక్స్ ఆయన చెప్పింది అబద్ధం కాదు. గెస్టులు సగటున ఏడు రోజులు, లేదా అంతకంటే తక్కువ ఉంటే ట్యాక్స్ శాఖ ఐఆర్‌ఎస్ దాన్ని మామూలు అద్దె ఇల్లుగా చూడదు. యజమాని నిజంగా పని చేస్తే డిప్రిసియేషన్ (ఇల్లు, సామాను అరుగుదలను ఖర్చుగా చూపడం) వల్ల కాగితం మీద వచ్చే నష్టాన్ని జీతంలోంచి తీసేసుకోవచ్చు. 2025 జనవరి 19 తర్వాత కొన్నవాటిలో ఫర్నిచర్, ఫ్రిజ్ లాంటి వాటికి మొదటి ఏడాదే 100 శాతం డిప్రిసియేషన్ వస్తుంది. ఆ పని చేశారనడానికి ఎక్కువమంది వాడుకునే పరీక్ష ఇది: ఏడాదిలో 100 గంటలు దాటాలి, మీకంటే ఎక్కువ గంటలు ఇంకెవరూ పని చేసి ఉండకూడదు. వారానికి మూడు గంటలు ఇల్లు శుభ్రం చేసే మనిషే ఏడాదికి 150 గంటలు దాటిపోతుంది. కంపెనీ అన్నీ చూసుకుంటుంటే మీ గంటలు ఎక్కడి నుంచి వస్తాయి?

పోనీ మీరే చేద్దామంటే వీసా అడ్డం. హెచ్‌1బీ మీద ఇల్లు కొని అద్దెకివ్వడం తప్పు కాదు. కానీ గెస్టులతో మాట్లాడుతూ, బుకింగులు చూసుకుంటూ రోజూ నడిపితే అది అనుమతి లేని పని కిందికి రావచ్చు. ట్యాక్స్ కోసం "నేనే చేశాను" అని గంటల లాగ్ రాసి, రేపు గ్రీన్‌కార్డ్ దగ్గర "నేనేమీ చెయ్యలేదు" అనలేరు.

మీకున్న దారి మీ భార్య ఈఏడీ. దాని మీద సొంత వ్యాపారం చేసుకోవచ్చు. జాయింట్‌గా ఫైల్ చేస్తే ఆవిడ గంటలు మీ ఇద్దరికీ చెల్లుతాయి. అప్పుడు కంపెనీని మానేసి, రాత్రి 11 గంటలకు డోర్ కోడ్ పనిచెయ్యడం లేదన్న ఫోన్ కూడా ఆవిడే ఎత్తాలి. ఆవిడకు ఇష్టమో లేదో ముందు అడగండి. ప్రశ్నలో ఆ మాటే లేదు! ఇమిగ్రేషన్ లాయర్‌తో కూడా ఒకసారి మాట్లాడండి.

ఇక ఫ్లోరిడా నిబంధనలు. ఏడాదిలో మూడుసార్ల కంటే ఎక్కువగా, 30 రోజులలోపు అద్దెలకు ఇస్తే రాష్ట్ర లైసెన్సుల శాఖ డీబీపీఆర్ ఇచ్చే లైసెన్స్ ఉండాలి. కిసిమీ ఉన్న ఆస్కియోలా కౌంటీలో గెస్టు అద్దె మీద రాష్ట్రం, కౌంటీ పన్నులు కలిపి 13.5 శాతం. యాప్ ఏ పన్ను వసూలు చేసి కడుతోందో, ఏది మీకు వదిలేసిందో రాతపూర్వకంగా తెలుసుకోండి. నేరుగా వచ్చిన బుకింగులకు మీరే కట్టాలి. కమ్యూనిటీ బాగుందని కాదు, ఆ ఇంటికి షార్ట్‌టర్మ్ జోనింగ్ (అక్కడ కొద్ది రోజుల అద్దెలకు స్థానిక అనుమతి) ఉందా, హెచ్‌ఓఏ ఒప్పుకుంటుందా అన్నది ఆఫర్ పెట్టకముందే కాగితం మీద తీసుకోండి.

పూల్ వైపు తెరుచుకునే గాజు తలుపుకు చాలా ఇళ్లలో అలారం ఉంటుంది. తలుపు తీసినప్పుడల్లా కీచుమంటుంటే గెస్టులు విసుగొచ్చి బ్యాటరీ పీకేస్తారు. గెస్టు మారినప్పుడల్లా దాన్ని నొక్కి చూడాలి. పసిపిల్లలున్న కుటుంబాలే ఎక్కువగా వచ్చే ఊరది. మామూలు హోమ్ ఇన్సూరెన్స్ సాధారణంగా ఈ వ్యాపారాన్ని కవర్ చెయ్యదు, వరద నష్టానికి వేరే పాలసీ. షార్ట్‌టర్మ్ పాలసీకి కొటేషన్ తెచ్చుకున్నాకే పై లెక్క పూర్తవుతుంది.

తక్కువ డౌన్ పేమెంట్ కోసం లోన్ ఆఫీసర్ "సెకండ్ హోమ్ అని రాద్దాం" అంటే ఒప్పుకోకండి. ఏడాదంతా అద్దెకిచ్చే ఇంటికి అలా సంతకం పెడితే అది మార్ట్‌గేజ్ మోసం.

ఈ లెక్కలతో అయితే నేను కొనమనను. మీ స్నేహితుడిని యాప్‌లో కనిపించే వసూళ్లు కాకుండా, ఆ ఇంటికి పోయిన ఏడాది బ్యాంక్ స్టేట్‌మెంట్లు 12 నెలలవీ చూపించమనండి.