బంగారం వెనుక ఉన్న వెలుగు

ప్రశ్న: ఇటలీ చిత్రకారుడు సిమోనే మార్తీని ‘మంగళవార్త’ చిత్రంలో ఆకాశంగాని గోడగాని లేకుండా వెనుకంతా బంగారమే ఎందుకుంది? అది ఆడంబరమేనా?

జవాబు: కాదండీ. ఇటలీలోని సియెనా నగరపు కెథడ్రల్‌లో (ప్రధాన చర్చిలో) ఒక బలిపీఠం కోసం 1333లో సిమోనే, ఆయన బావమరిది లిప్పో మెమ్మీ కలిసి చెక్కపలకపై రూపొందించిన ఈ చిత్రం, యేసు పుట్టబోతున్నాడని దేవదూత మరియమాతకు తెలిపిన ఘట్టాన్ని చూపుతుంది. ఇందులో బంగారం దైవకాంతికి గుర్తు; ఆ ఘట్టాన్ని అది ఈ లోకపు స్థలకాలాల నుంచి వేరుచేస్తుంది. కొవ్వొత్తుల వెలుగులో ఆ బంగారు రేకు మిలమిలలాడుతుంటే, పలకే వెలుగుతున్నట్టు తోచేది. దూత చేతిలోని ఆలివ్ కొమ్మ శాంతికి, నడుమ కలశంలోని లిల్లీలు మరియమాత నిర్మలత్వానికి సంకేతాలు.

నన్ను అన్నింటికన్నా కదిలించేది ఆ ఇద్దరి మధ్య ఉన్న ఖాళీ. దూత నోటి నుంచి వెలువడిన లాటిన్ పలుకులు, అంటే మన కతోలికులు నేటికీ చెప్పుకునే మంగళవార్త జపంలోని తొలి మాటలే, బంగారంపై ఉబ్బెత్తు అక్షరాలుగా ఆ ఖాళీని దాటి ఆమె వైపు సాగుతాయి; చదువుతున్న పుస్తకంలో బొటనవేలు అలాగే ఉంచి, మరో చేత్తో పైవస్త్రాన్ని మెడ దగ్గరికి లాక్కుంటూ ఆమె వెనక్కి ముడుచుకుంటుంది. ఆ ముదురు నీలి వస్త్రపు వంపు రేఖ ఒక్కటే ఆమె బెదురునంతా చెబుతుంది. ఈ చిత్రం ఇప్పుడు ఫ్లోరెన్స్‌లోని ఉఫీజీ చిత్రశాలలో ఉంది.